పాత బండ్లు: మమకారమూ, లెక్కా

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అని మనలో ఒక సామెత ఉన్నది. వస్త్రముల విషయంలోనో, పాటల విషయంలోనో ఈ మాట చెల్లితే చెల్లవచ్చును. మోటారు బండి విషయంలో మాత్రం ఇది తరచుగా తలక్రిందులవుతున్నది. నలుగురు లారీ యజమానులు, ఇద్దరు మెకానిక్కులు ఒకచోట కూర్చున్నప్పుడు వారి సంభాషణను ఆలకించండి. “ఇప్పటి బండ్లలో ఏమున్నది? ఆనాటి ఇనుమే వేరు” అనే మాట వినిపించక మానదు. వెంటనే మరొకరు, “ఇనుము గట్టిదే గాని, డీజిలు తాగుట చూచినారా?” అని అందుకొంటారు. ఈ వాదం తెగేది కాదు. తెగకపోవుటకు కారణం, వారిలో ఒకరు మమకారంతో మాట్లాడుతూ ఉండగా వేరొకరు లెక్కతో మాట్లాడుతూ ఉండుటయే.

పాత లారీని, పాత జీపును, పాత కారును ఉంచుకొనుట మేలా, కీడా? మన నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలలో ఈ ప్రశ్న వేడుక కొరకు వేసుకొనేది కాదు. ఎన్నో కుటుంబాలకు పొలం తరువాత రెండవ ఆస్తి బండియే. కొందరికి అదే మొదటి ఆస్తి. కనుక ఈ విషయాన్ని ఇరు పక్షాల మాటలూ విని, తాపీగా విచారించవలసి ఉన్నది. ఇచట నేను నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్నప్పుడు 2016లో జిల్లాల విభజన జరుగక పూర్వపు ఎల్లలనే ఉద్దేశిస్తున్నాను.

హైదరాబాదు నగరంలో రెండు పాత వాహనాలు ప్రదర్శనకు ఉంచబడినవి. ఒకటి చౌమహల్లా ప్యాలెసులో ఉన్న రోల్స్‌రాయిస్. 1912 నాటి ఈ పసుపుపచ్చని బండిలో నిజాము ప్రభువు కొరకు సింహాసనం వంటి ఆసనం అమర్చినారు. నూరేండ్లు దాటిన ఆ వాహనం తన జీవితంలో కొన్ని వందల మైళ్ళకు మించి నడవలేదని చెబుతారు. రెండవది ఆర్టీసీ వారి బస్ భవన్‌లో ఉన్న ఎర్రని ఆల్బియన్ బస్సు. స్కాట్లాండు దేశపు కంపెనీ చేసిన ఆ బస్సు 1932 నాటిది. సామాన్య ప్రజలను ఎక్కించుకొని ధూళి రోడ్ల మీద ఏండ్ల తరబడి తిరిగినది. పాత బండ్ల అభిమానులు రెండింటి ముందూ చేతులు కట్టుకొని నిలబడతారు. కాని మొదటి బండి గొప్పతనం అది నడవకపోవుటలో ఉన్నది. రెండవ దాని గొప్పతనం నడచుటలో ఉన్నది. నేడు మనం మాట్లాడుకొనేది ఈ రెండవ జాతి బండ్లను గూర్చి.

1932లో నిజాం స్టేట్ రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినారు. ఆ శాఖ తొలినాటి డిపోలలో మన నార్కట్‌పల్లి ఒకటి. రైలు పట్టాలు చేరని ఊళ్ళను మోటారు రోడ్డుతో కలుపవలెనన్నది ఆనాటి ఆలోచన. నల్లగొండ విషయంలో ఆ అవసరం చాలా కాలమే ఉన్నది. బీబీనగరు నుండి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా నడికుడి వరకు పోయే రైలు మార్గం 1989 నాటికి గాని పూర్తి కాలేదు. అంతవరకు ధాన్యమైనా, ఎరువైనా, పెండ్లివారైనా రోడ్డు మీదనే పోవలసి వచ్చినది. మహబూబ్‌నగరుకు రైలు ముందే వచ్చినది గాని, అచ్చంపేట, కొల్లాపురం, నారాయణపేట వంటి ఊళ్ళకు ఆ సదుపాయం లేదు. అందుచేత ఈ రెండు జిల్లాలలో లారీయే గూడ్సు బండి, బస్సే ప్యాసింజరు బండి అయినవి.

స్వాతంత్ర్యానికి పూర్వం మన రోడ్ల మీద తిరిగినవన్నీ విదేశపు బండ్లే. యుద్ధం ముగిసిన తరువాత సైన్యం వదలిన జీపులు, ట్రక్కులు వేలంలో కొన్నవారు దేశమంతటా ఉన్నారు. 1954లో జంషెడ్‌పూరులో టాటావారు జర్మనీ దేశపు బెంజి కంపెనీతో కలిసి లారీల తయారీ ప్రారంభించినారు. 1955లో మద్రాసు సమీపాన ఎన్నూరులోని అశోక్ మోటార్స్, అశోక్ లేలాండ్‌గా మారినది. 1969లో జర్మనీవారితో ఒడంబడిక ముగిసిన తరువాత కూడ మన డ్రైవర్లు చాలా కాలం టాటా లారీని “బెంజి” అనియే పిలిచినారు. సరిగా ఇదే కాలంలో, అనగా 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలేవరకు, నాగార్జునసాగరం నిర్మాణం సాగినది. ఆ రాతి ఆనకట్ట వలన ఆయకట్టు ఏర్పడినది. ఆయకట్టు వలన వరి, వరి వలన మిర్యాలగూడ బియ్యపు మిల్లులు. ఆ తరువాత వాడపల్లి, మఠంపల్లి, మేళ్ళచెరువు ప్రాంతాల సున్నపురాతి మీద సిమెంటు కర్మాగారాలు వచ్చినవి. వీటన్నిటికీ లారీ కావలసి వచ్చినది. డ్రైవరుగా పది సంవత్సరాలు పనిచేసి, కొంత కూడబెట్టి, కొంత అప్పు చేసి, వేరొకరు వాడి విడిచిన లారీని కొనుక్కొని యజమాని అయినవారు ఈ ప్రాంతంలో ఊరూరా కనబడతారు. పాత లారీ పేదవాని మొదటి మూలధనం. ఈ సంగతిని మరచి పాత బండ్లను గూర్చి తీర్పు చెప్పరాదు.

మనుష్యునికి వలెనే లారీకి కూడ ఆశ్రమాలు ఉన్నవి. క్రొత్తగా ఛాసిస్ కొని, విజయవాడ ఆటోనగరులోనో, హైదరాబాదులోనో బాడీ కట్టించిన లారీ మొదటి కొన్ని సంవత్సరాలు దూర ప్రయాణాలు చేస్తుంది. నెలనెలా ఫైనాన్సు కిస్తీ కట్టవలెను గనుక దానికి విశ్రాంతి ఉండదు. తరువాత అది చేతులు మారి జిల్లాలోనికి వస్తుంది. మిల్లు నుండి గోదాముకు బియ్యం, ఫ్యాక్టరీ నుండి ఊరికి సిమెంటు, మార్కెట్టుకు పత్తి, వేరుశనగ చేరవేస్తుంది. మూడవ దశలో ఇటుక, కంకర, రాయి మోస్తుంది. లేదా వీపున తొట్టి కట్టుకొని నీళ్ళ ట్యాంకరుగా మారుతుంది. భూగర్భ జలంలో ఫ్లోరైడు అధికంగా ఉన్న మునుగోడు, మర్రిగూడ వంటి ప్రాంతాలలో వేసవి కాలమున ట్యాంకరు రాక కొరకు బిందెలు వరుసగా పెట్టి ఎదురుచూచిన తరం ఇంకా ఉన్నది. కృష్ణా జలాలు పైపుల ద్వారా ఇంటింటికి చేరక ముందు, ఆ బిందెలలో మంచినీరు పోసినవి ఎక్కువగా ఇట్టి వృద్ధ వాహనములే. నాలుగవ దశ తుక్కు. అప్పుడు కూడ లారీ పూర్తిగా నశించదు. దాని ఇరుసు, చక్రములు, కమాన్ పట్టీలు మరొక బండిలో చేరుతవి. ఎద్దులబండికి రబ్బరు టైర్లు వేసి “డన్‌లప్ బండి” చేసినది ఇటువంటి సామగ్రితోనే. ఓడలు బండ్లగుట మనం చూడలేదు గాని, లారీలు బండ్లగుట కండ్లారా చూచినాము.

భాషలో కూడ పాత బండ్లు బ్రతికి ఉన్నవి. మన తెలంగాణలో మధ్య తరహా లారీని ఏ కంపెనీ చేసినా “డీసీఎం” అంటారు. ఈ మూడక్షరాలు ఢిల్లీ క్లాత్ మిల్స్ అనే బట్టల మిల్లువి. ఆ సంస్థ 1980లలో జపాను దేశపు టొయోటాతో కలిసి చిన్న లారీలను చేసినది. 1990లలో ఆ ఏర్పాటు ముగిసినది. బండ్ల తయారీ ఆగిపోయినది. కాని సంతకు మేకలను తోలుకొనిపోయే రైతు నేటికీ “డీసీఎం మాట్లాడినాను” అనియే అంటాడు. ఒక బండి తన పని ద్వారా జనులలో సంపాదించిన పేరు, దాని కంపెనీ కంటె ఎక్కువ కాలం నిలుచుటకు ఇంతకంటె నిదర్శనం ఏమి కావలెను?

ఇక ఇంటి వాహనముల సంగతి. అంబాసిడరు కారు 1950ల చివర నుండి 2014 వరకు కలకత్తా సమీపాన ఉత్తరపాడలో తయారైనది. ఫియట్, తరువాత దానికే వచ్చిన పద్మిని అనే పేరుతో, బొంబాయిలో 2000 ప్రాంతం వరకు తయారైనది. అంబాసిడరులో పల్లెవారు చూచిన సుగుణం దాని ఎత్తు, వెడల్పు. వెనుక సీటులో నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు సర్దుకొనవచ్చును. గుంతల బాటలో అడుగు తగులదు. మహీంద్రా కమాండరు జీపు 1990లలో మన మండల కేంద్రాలకూ, పల్లెలకూ మధ్య బస్సు లేని వేళల బస్సు అయినది. ఈ బండ్లను నేటికీ ఉంచుకొన్నవారిని “ఎందుకు అమ్మరు?” అని అడిగితే, “అమ్మితే వచ్చేదెంత? ఉంటే చేసేదెంత?” అని తిరిగి ప్రశ్నిస్తారు. ఇది మమకారం వలె వినిపించినా నిజానికి లెక్కయే.

పాత బండ్ల పక్షాన అభిమానులు చెప్పే మొదటి సుగుణం, దానిని ఊరిలోనే బాగుచేసుకొనవచ్చునన్నది. ఇందులో సత్యం ఉన్నది. పాత డీజిలు ఇంజనులో పంపు తన లోపలి పళ్ళ చక్రాల, ముషలముల బలంతో కొలత ప్రకారం డీజిలును ఇంజెక్టరుకు పంపుతుంది. అందులో విద్యుత్తు పని దాదాపు లేదు. శబ్దం విని దోషం చెప్పగల మెకానిక్కు, ఒక లేత్ యంత్రం, ఒక వెల్డింగు షాపు ఉంటే చాలును. సూర్యాపేటలోనో, జడ్చర్లలోనో బండి మరునాటికి లేచి నిలబడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి ఆరు ప్రమాణాల బండ్లు వేరు రకం. వాటిలో డీజిలు ఎంత, ఏ క్షణాన పోవలెనో నిర్ణయించేది చిన్న కంప్యూటరు. పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. పెద్ద లారీలలో విషవాయువును తగ్గించుటకు యూరియా ద్రావణం పోయవలసి ఉంటుంది. ఒక సెన్సారు చెడితే దోషమేమిటో తెలిసికొనుటకే ప్రత్యేక పరికరం కావలెను. దేవరకొండలో ఆగిన బండికి హైదరాబాదు నుండి మనిషి రావలెనంటే ఆ రోజు కిరాయి పోయినట్లే.

రెండవ సుగుణం, కిస్తీ లేకపోవుట. పనిలేని నెలలో పాత లారీ వేపచెట్టు క్రింద నిలబడి ఉంటుంది. దానికి ఎవరికీ జవాబు చెప్పవలసిన పని లేదు. కొత్త లారీ నిలబడినా ఫైనాన్సువారి తేదీ నిలబడదు. వర్షాలు పడక, కట్టడములు ఆగి, పంటలు రాక పోయే సంవత్సరాలు మన మెట్ట సీమకు క్రొత్త కావు. అట్టి చోట అప్పు లేని బండి ఎంత ధైర్యమో అనుభవించినవారికే తెలుసును.

మూడవ సుగుణాన్ని మన వాతావరణం ఇచ్చినది. సముద్రతీరపు గాలిలోని ఉప్పు ఇనుమును తినివేస్తుంది. మన పొడి గాలిలో ఛాసిస్ తుప్పు పట్టుట తక్కువ. కాని దీనికి మారుగా మన ఎండ రబ్బరును తింటుంది. టైర్లు, గొట్టములు, వైర్ల మీది తొడుగు పగులుతవి. ఇనుము గట్టిగా కనబడుచున్నదని పాత బండిని మెచ్చుకొనేవారు, ఆ ఇనుమును ఆపవలసిన బ్రేకు గొట్టం రబ్బరుతో చేసినదని గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు లెక్క చూతము. ఇది కేవలం ఉదాహరణ కొరకు వేసుకొన్న లెక్క. మీ బండి అంకెలు మీరు వేసుకొనవచ్చును. పాత లారీ లీటరుకు 4 కిలోమీటర్లు, కొత్తది 5 కిలోమీటర్లు పోతుందనుకొందాము. డీజిలు లీటరు 100 రూపాయలనుకొందాము. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే బండికి పాతదైతే 375 లీటర్లు, కొత్తదైతే 300 లీటర్లు కావలెను. తేడా 75 లీటర్లు, అనగా 7,500 రూపాయలు. కొత్త లారీ కిస్తీ ఇంతకంటె ఎన్నో రెట్లు ఉంటుంది గనుక, ఇచట పాత బండియే మేలు. అదే లారీ నెలకు 8,000 కిలోమీటర్లు తిరిగితే? పాతదానికి 2,000 లీటర్లు, కొత్తదానికి 1,600 లీటర్లు. తేడా 400 లీటర్లు, అనగా 40,000 రూపాయలు. దీనికి దారిలో చెడిపోయిన రోజుల నష్టం, టైర్ల ఖర్చు, ఇంజను పని కలుపండి. పాత బండి చౌక అనే మాట ఆవిరి అయిపోతుంది.

అభిమానుల వాదం ఎందుకు తెగదో ఈ లెక్క చెబుతున్నది. ఊరి చుట్టు తిరిగే ట్యాంకరు యజమాని అనుభవమూ నిజమే; చెన్నై, ముంబాయి దారులలో తిరిగే లారీ యజమాని అనుభవమూ నిజమే. తక్కువ దూరం తిరిగే పనికి పాత బండి, ఎక్కువ దూరం తిరిగే పనికి కొత్త బండి. మన లారీల ఆశ్రమ ధర్మం కూడ, ఎవరూ పుస్తకం చదివి ఏర్పరచకపోయినా, సరిగా ఈ లెక్క మీదనే నడచుచున్నది.

ఇంతవరకు చెప్పినది యజమాని లాభనష్టాలు. కాని రోడ్డు యజమాని ఒక్కనిదే కాదు. ఎదురుగా వచ్చేవాని ప్రాణం, ప్రక్కన నడచేవాని ప్రాణం కూడ ఈ లెక్కలో చేరవలెను. పాత బండ్లను గూర్చిన అసలైన ప్రశ్న ఇదియే.

హైదరాబాదు నుండి శ్రీశైలం పోవువారికి మన్ననూరు దాటిన తరువాత నల్లమల అడవి వస్తుంది. దోమలపెంట, ఈగలపెంటలు దాటి కృష్ణ వైపు దిగేటప్పుడు రోడ్డు మలుపులు తిరుగుతూ పోతుంది. ఆ దిగుడులో డ్రైవరు అదే పనిగా బ్రేకు త్రొక్కితే, డ్రమ్ములో లైనరు రాపిడి వలన వేడెక్కుతుంది. వేడి మితిమీరినప్పుడు లైనరు పట్టు తప్పుతుంది. హైడ్రాలిక్ బ్రేకులలో పాతబడి తేమ చేరిన నూనె కాగి బుడగలు కడుతుంది. కాలు క్రిందికి పోతుంది గాని బండి ఆగదు. అందుచేతనే అనుభవజ్ఞులు ఎక్కిన గేరులోనే దిగవలెనంటారు. ఇంజను పట్టుతో బండిని నిదానింపజేసి, బ్రేకును అవసరానికి దాచుకొంటారు. కొత్త బండిలోనైనా ఈ జాగ్రత్త తప్పదు. కాని లైనరు అరిగి, డ్రమ్ము గాడిపడి, రీట్రేడు టైర్లతో, మితిమీరిన బరువుతో దిగే పాత బండికి ఈ విద్య కూడ చాలదు. 2015 నుండి కొత్త లారీలకు, బస్సులకు, 2019 నుండి కొత్త కార్లకు చక్రం జారకుండ కాపాడే బ్రేకు ఏర్పాటు తప్పనిసరి అయినది. అంతకు పూర్వపు బండ్లలో ఎక్కువ వాటికి అది లేదు. “ఆనాటి ఇనుమే వేరు” అనేవారు ఈ సంగతిని కూడ ఒప్పుకొనవలెను. గట్టి ఇనుము ఢీకొన్నప్పుడు ఆ దెబ్బ లోపలి మనిషికి తగులుతుంది. నేటి కారు ముందు భాగం నలిగి దెబ్బను తాను తీసుకొనేటట్లు చేయబడినది. బండి నలుగుట బలహీనత కాదు; మనిషి నలుగకుండ చేసిన ఉపాయం.

అట్లని దోషమంతా వయస్సు మీద వేయుట కూడ న్యాయం కాదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బెంగుళూరు నుండి హైదరాబాదు వచ్చుచున్న బస్సు కల్వర్టును ఢీకొని దగ్ధమైనది. 45 మంది మరణించినారు. అది డొక్కు బస్సు కాదు. ఖరీదైన ఆధునిక బస్సు. 2018 జూన్ 24న వలిగొండ మండలంలో కూలీలతో పోవుచున్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయినారు. వారిలో అత్యధికులు నాట్లకో, కలుపుకో పోయే స్త్రీలు. అచట తప్పు ట్రాలీ వయస్సుది కాదు. ధాన్యం మోయుటకు చేసిన దానిలో మనుష్యులను కూర్చుండబెట్టుట. కనుక బండిని విచారించేటప్పుడు మూడు ప్రశ్నలు వేయవలెను. దాని స్థితి ఏమి? దానికి అప్పగించిన పని ఏమి? దానిని నడిపే మనిషికి నిద్ర ఉన్నదా? వయస్సు అనేది మొదటి ప్రశ్నలో ఒక భాగం మాత్రమే.

ప్రభుత్వ చట్టం కూడ క్రమంగా ఈ దారికే వచ్చుచున్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత పరీక్ష చేయించి ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకొనవచ్చును. కిరాయి బండ్లకు ఎనిమిది సంవత్సరాల వరకు రెండేండ్లకొకసారి, ఆ పైన ప్రతి సంవత్సరం ఫిట్‌నెస్ పరీక్ష ఉన్నది. మన పెద్దలు మోటారు వాహనాల అధికారిని “బ్రేక్ ఇన్‌స్పెక్టరు” అని పిలుచుటలోనే ఆ పరీక్ష పరమార్థం ఉన్నది. 2021లో కేంద్రం పాత వాహనాలను స్వచ్ఛందంగా తుక్కు చేసే విధానాన్ని ప్రకటించినది. 2022 ఏప్రిల్ 1 నుండి 15 ఏండ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము 600 నుండి 5,000 రూపాయలకు, మోటారు సైకిలుకు 300 నుండి 1,000 రూపాయలకు పెరిగినది. 2025లో 20 ఏండ్లు దాటిన వాటికి ఇంకా హెచ్చించినారు. తెలంగాణ ప్రభుత్వం 2024లో, పాత బండిని తుక్కుకు ఇచ్చి కొత్తది కొనేవారికి పన్నులో రాయితీ ప్రకటించినది. ఢిల్లీ ప్రాంతంలో 10 ఏండ్ల డీజిలు బండ్ల మీద, 15 ఏండ్ల పెట్రోలు బండ్ల మీద న్యాయస్థానములు విధించిన నిషేధం అచటి గాలి దుస్థితిని బట్టి వచ్చినది. ఆ వార్తలను చదివి, మనకు కూడ అదే చట్టమని భ్రమపడి, మంచి బండిని అయినకాడికి అమ్ముకొనరాదు.

అయితే పొగ సంగతిని తేలికగా తీసుకొనరాదు. పాత డీజిలు బండి విడిచే సన్నని మసి ఊపిరితిత్తులలోనికి పోతుంది. బండి నడిపేవాడు ముందుకు పోతాడు. వెనుక సైకిలు మీద బడికి పోయే పిల్లవాడు దానిని పీల్చుకొంటాడు. ఇంజెక్టర్లను శుభ్రం చేయించి, పంపును సరిచూపించి, ఫిల్టర్లను వేళకు మార్చితే పొగ తగ్గుతుంది. డీజిలు కూడ ఆదా అవుతుంది.

వేడుక కొరకు పాత బండ్లను ఉంచుకొనేవారికి 2021 జూలైలో వేరు నియమాలు వచ్చినవి. 50 సంవత్సరాలు దాటి, మౌలిక రూపం మారని కార్లను, మోటారు సైకిళ్ళను పురాతన వాహనాలుగా ప్రత్యేక వరుసలో నమోదు చేయించుకొనవచ్చును. వాటిని ప్రదర్శనకు, పోటీ యాత్రలకు, పరిశోధనకు, మరమ్మతుకు రోడ్డు మీదికి తేవచ్చును గాని కిరాయికి త్రిప్పరాదు. ఇది ఉచితమైన విభజన. పూజకు ఉంచిన విగ్రహాన్ని పొలం పనికి పంపము గదా! పనిచేసే పాత బండికి మాత్రం పూజ కంటె పరీక్ష ముఖ్యం.

ఈ విషయాలన్నీ విన్న తరువాత కూడ పాత బండి కొనదలచిన గృహస్థునకు కొన్ని సూచనలు చెప్పవలసి ఉన్నది. బండిని ఉదయం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడండి. వేడెక్కించి ఉంచిన ఇంజను తన జబ్బును దాచుకొంటుంది. నల్లని పొగ డీజిలు సరిగా కాలకపోవుటకు, నీలిపొగ ఇంజను ఆయిలు మండుటకు, వేడెక్కినా ఆగని తెల్లని పొగ లోపలికి నీరు చేరుటకు గుర్తులు. రంగును చూచి మురియక, క్రిందికి వంగి ఛాసిస్ పగుళ్ళను, వెల్డింగు అతుకులను వెదకండి. ఛాసిస్ మీది నంబరును ఆర్.సి.తో అక్షరమక్షరం పోల్చుకొనండి. ఫైనాన్సు బాకీ తీరినదన్న కాగితం, పన్ను, చలాన్లు, బీమా చూడండి. డబ్బు ఇచ్చినంతనే బండి మీదైనదని అనుకొనకండి. పేరు మారవలెను. 2018లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ప్రకారం, ప్రమాదం జరిగిన నాడు రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే వారే నష్టపరిహారానికి బాధ్యులు. బండిని అమ్మి, పేరు మార్పించక, ఎన్నడో మరచిపోయినవాని ఇంటికి కోర్టు నోటీసు వచ్చుటకు ఇదే కారణం. కనుక ఈ హెచ్చరిక కొనేవారి కంటె అమ్మేవారికే ఎక్కువ అవసరం.

కొన్న తరువాత మొదటి ఖర్చు దేని మీద పెట్టవలెను? సాధారణంగా మనవారు రంగు వేయించి, ముందు దేవుని పేరు వ్రాయించి, నిమ్మకాయలు కట్టుతారు. అవి ఉండవచ్చును. కాని వాటికి ముందు బ్రేకు లైనర్లు, బ్రేకు గొట్టములు, టైర్లు, స్టీరింగు కీళ్ళు, దీపములు – ఈ ఐదింటిని సరిచేయించవలెను. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, యజమానికి నష్టం. బ్రేకు చెడితే బండి ఆగదు. ఎవరికి నష్టమో ముందుగా చెప్పలేము. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడాను ఇంటిలోని వారందరూ గ్రహించవలెను. ఎందుకనగా ఈ ఏట ఖర్చును వచ్చే ఏటికి వాయిదా వేయుదామనే ఆలోచన రోడ్డు మీద పుట్టదు, ఇంటిలో పుట్టుతుంది.

మన ప్రాంతపు కష్టజీవులు పాత బండ్ల మీద బ్రతుకులను నిలబెట్టుకొన్నారు. ఆ బండ్లను తృణీకరించుట వారి శ్రమను తృణీకరించుటయే అవుతుంది. కాని ఆ శ్రమకు గౌరవం చూపుట అనగా అరిగిన బ్రేకులను క్షమించుట కాదు. వేళకు నూనె మార్చి, లైనర్లు వేసి, బరువుకు మితి పాటించే యజమాని చేతిలో ఇరువది ఏండ్ల లారీ కూడ నమ్మదగిన సేవకుడు. అశ్రద్ధ చేసేవాని చేతిలో నిరుటి లారీ కూడ ముసలిదే. బండికి ముసలితనం తెచ్చేది గడచిన సంవత్సరాల కంటె తప్పిన మరమ్మతులే. మమకారం ఉన్నవారు ఆ మమకారాన్ని రంగు మీద గాక బ్రేకు మీద చూపితే, లెక్కకు కూడ అది నిలుస్తుంది.